రోమ్‌లో ఇద్దరు స్నేహితులకు ఉన్నది ఒక్క రోజే: వాటికన్ మ్యూజియమా, రోమన్ ఫోరమా?

స్నేహితులతో రోమ్ వెళ్లేవారు బయలుదేరే ముందు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఒకే రోజులో రెండూ ముగించవచ్చని చెప్పేవాళ్లు ఉన్నారు. కాళ్లు సహకరించినా, మధ్యాహ్నం తరువాత చూసినదేదీ మనసుకు ఎక్కదు. ఒకటే ఎంచుకోండి.

కళాఖండాల విషయంలో వాటికన్‌కు సాటి రాగలది రోమ్‌లో మరొకటి లేదు. సిస్టీన్ చాపెల్ పైకప్పును మైఖేలాంజెలో 1508 నుంచి 1512 వరకు చిత్రించాడు. దాదాపు అవే సంవత్సరాల్లో, అక్కడికి దగ్గరి గదుల్లోనే రఫేల్ గోడలకు రంగులు వేస్తున్నాడు. ఇక 120 మీటర్ల పొడవున్న భూపటాల గ్యాలరీలో నడుస్తూ ఇటలీ ప్రాంతాలన్నిటినీ చూడవచ్చు. వీటి కోసమే జీవితంలో ఒకసారి రోమ్ వెళ్లినా తప్పులేదు.

కానీ వెళ్తున్నది ఒంటరిగా కాదు, స్నేహితులతో. చూసినదాని గురించి అక్కడికక్కడే మాట్లాడుకోగలమా అన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. వాటికన్ నడవాల్లో జనం వరదలా కదులుతుంటారు. ఒకరు పటం ముందు ఆగితే, రెండోవారు తేరుకునేసరికి తరువాతి గదిలో ఉంటారు. సిస్టీన్‌లో మాట్లాడకూడదు, ఫోటోలు తీయకూడదు. కాపలావాళ్లు నిశ్శబ్దం పాటించమని హెచ్చరిస్తూనే ఉంటారు. పోప్‌లను ఎన్నుకునే ప్రార్థనా మందిరం కాబట్టి ఆ నియమం న్యాయమైనదే. అయితే ఆదాము చాచిన వేలిని చూడగానే పక్కనున్న మనిషితో పొంగుకొచ్చే మాట, బయటికొచ్చేసరికి సగం చల్లారిపోతుంది.

ప్రాచీన రోమ్ నడిబొడ్డు శిథిలాలైన ఫోరంలో ఎంతసేపు ఆగినా వెనక నుంచి తోసేవారు లేరు. ఈ మధ్య నా స్నేహితురాలితో వెళ్లినప్పుడు అందుకే దీన్ని ఎంచుకున్నాను. రోమన్ చక్రవర్తి టైటస్ తోరణం లోపలి గోడ మీద, క్రీ.శ. 70లో జెరూసలేం దేవాలయం నుంచి కొల్లగొట్టిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు మోసుకొస్తున్న శిల్పం ఉంది. దాన్ని విజయచిహ్నంగా చూడాలా, దోపిడీకి సాక్ష్యంగా చూడాలా అన్నది తేలక మేమిద్దరం అక్కడే చాలాసేపు వాదించుకున్నాం. అక్కడి నుంచి తల తిప్పితే, అదే టైటస్ క్రీ.శ. 80లో ప్రారంభించిన కొలోసియం.

ఫోరం గుండా సాగే పురాతన వీధి వియా సాక్రా వెంట దిగుతూ, చక్రవర్తి ఆంటోనైనస్, అతని భార్య ఫౌస్టీనాల గుడి దగ్గర తప్పక ఆగండి. తరువాత చర్చిగా మారిన ఆ గుడి స్తంభాల వెనక తలుపు నేలకు ఎన్నో అడుగుల ఎత్తున, మెట్లకు అందకుండా గాలిలో వేలాడుతున్నట్టు ఉంటుంది. ఎందుకో ముందు మీ స్నేహితులనే ఊహించమనండి. ఆ తలుపు పెట్టిన కాలంలో నేల మట్టం అక్కడే ఉండేది. ఫోరం మట్టిలో పూడిపోయి, పశువులు మేసే బయలుగా శతాబ్దాలు గడిచింది. తరువాతి తవ్వకాల్లో నేల కిందికి దిగింది, తలుపు మాత్రం పైనే మిగిలింది. ఆ పక్కనే జూలియస్ సీజర్‌ను దహనం చేసిన చోట ఇప్పటికీ ఎవరో ఒకరు పూలు పెట్టి వెళ్తుంటారు. నాగార్జునకొండ తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికిన సంగతి గుర్తున్నవారి కబుర్లు ఇక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకూ వెళ్తాయి.

కొలోసియం టికెట్టే ఫోరంకూ చెల్లుతుంది, కొలోసియం లోపల గంట చాలు. మిగిలిన సమయం ఫోరం పక్కనే ఉన్న పాలటైన్ కొండ మీద చెట్ల నీడకు ఇవ్వండి.

వాన పడుతున్నా, జూలై, ఆగస్టు మధ్యాహ్నాలే మీకు దొరికినా వాటికన్‌కే వెళ్లండి. ఫోరంలో నీడ బాగా తక్కువ. మీ స్నేహితులు బొమ్మలు వేసేవారైతే కూడా అంతే. పురాతన రోమన్ గుడి పాంథియాన్‌కు సాయంత్రం అరగంట చాలు. ట్రెవీ ఫౌంటెన్ దారిలో పడితే చూడండి, దాని కోసం దారి మళ్లవద్దు.

వాటికన్ మ్యూజియంకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం ప్రవేశం ఉచితం, అందుకే ఆ రోజు రద్దీ మరీ ఎక్కువ. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. కొలోసియం టికెట్ల మీద పేర్లు ఉంటాయి కనుక ఇద్దరివీ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించి, వీలైనంత ముందుగా కొనండి. ఉదయం మొదటి వేళకు దొరికితే మరీ మంచిది.