డబ్బాలో వచ్చే చవక ఫర్నిచర్: తిరుపతి ఇళ్లలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

పలకలుగా డబ్బాలో వచ్చి ఇంట్లో మరచీలలతో (స్క్రూలతో) బిగించుకునే ఫర్నిచర్‌కు తిరుపతిలో మంచి గిరాకీ ఉంది. కారణం ఊరే చెబుతుంది. యూనివర్సిటీలు, ఆసుపత్రులు, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ ఉండటంతో చదువులకీ ఉద్యోగాలకీ వచ్చి అద్దెకుండేవాళ్లు చాలామంది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఇరుకు మెట్ల మీదుగా రెండో అంతస్తుకు ఇనుప బీరువా చేర్చాలంటే నలుగురు మనుషులు, మోకు కావాలి. అదే పలకలైతే ఒక్కొక్కటిగా చేత్తో పట్టుకుని ఎక్కించొచ్చు.

తీర్పు ముందే చెప్పేస్తాం. చదువుకునే బల్ల, పుస్తకాల అర నిశ్చింతగా కొనండి. రెండు తలుపుల బట్టల బీరువా కొనొచ్చు, కాకపోతే కింద చెప్పేవన్నీ చూసుకున్నాకే. పార్టికల్ బోర్డు మంచం, వంటింటి సింకు కింది అల్మరా మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. ఈ సామాను ఆయుష్షు పలక మెరుపులో ఉండదు. మరచీల పట్టు ఎంత, తడి ఎంత తగులుతుంది, మీరు ఎన్నిసార్లు ఇల్లు మారతారు, ఈ మూడే తేలుస్తాయి.

అంగట్లో గానీ ఆన్‌లైన్‌లో గానీ 'ఇంజనీర్డ్ వుడ్' అని రాసి ఉంటే అది జవాబు కాదు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక), పార్టికల్ బోర్డు, మూడూ ఆ పేరు కిందికే వస్తాయి. చవక రకాల్లో సాధారణంగా ఉండేది పార్టికల్ బోర్డు. చెక్క ముక్కల్నీ పొట్టునూ జిగురుతో కలిపి, వేడి మీద నొక్కి చేసిన పలక అది. పైన మెలమైన్ అనే గట్టి ప్లాస్టిక్ పట్టించిన కాగితం అంటించి వస్తే దానికి వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 12823. ఎండీఎఫ్‌కు ఐఎస్ 12406, మామూలు ప్లైవుడ్‌కు ఐఎస్ 303. ఏ పలకో, ఎన్ని మిల్లీమీటర్ల మందమో బిల్లు మీద రాసివ్వమనండి. రాయడానికి వెనకాడే అంగడి దగ్గర బేరం మొదలుపెట్టకండి.

మందం నిజమా కాదా తేల్చడానికి బరువు చాలు. 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు చదరపు అడుగుకు కిలో దాటి, సుమారు 1.1 కిలోలు తూగుతుంది. 15 మిల్లీమీటర్లదైతే కిలోకు కాస్త తక్కువ. డబ్బా మీద బరువు రాసే ఉంటుంది. పలకల విస్తీర్ణం లెక్కగట్టి చూస్తే అబద్ధం బయటపడుతుంది. మూడు మిల్లీమీటర్ల తేడా ఏముందిలే అనుకోవద్దు. పలక గట్టితనం మందం ఘనానికి (మందాన్ని మూడుసార్లు వేసి గుణిస్తే వచ్చే అంకెకు) తగ్గట్టు పెరుగుతుంది కాబట్టి, అదే బరువుకు 15 కన్నా 18 మిల్లీమీటర్ల అర దాదాపు 40 శాతం తక్కువ వంగుతుంది. ఆసరాల మధ్య దూరం దీనికన్నా ముఖ్యం. వరుసంతా పుస్తకాలు పేర్చిన అరకు ఆసరాల మధ్య దూరం రెట్టింపైతే వంపు 16 రెట్లవుతుంది. అందుకే 3 అడుగుల వెడల్పున్న పుస్తకాల అర కొనే బదులు అడుగున్నర వెడల్పువి రెండు కొని పక్కపక్కన పెట్టుకోవడం తెలివైన పని. పోటీ పరీక్షల పుస్తకాలు, లా పుస్తకాలు పెట్టేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పార్టికల్ బోర్డు ఒకసారి వంగి ఊరుకోదు, బరువు అలాగే ఉంటే నెలల తరబడి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. ఆరు నెలలకోసారి అరను తలకిందులుగా తిప్పి పెడితే కొంత సర్దుకుంటుంది.

ఇక అంచులు చూడాలి. పలక కోసిన చోట అంటించే పట్టీ పీవీసీదా, ఉత్త కాగితమా అని గోటితో గీకి చూడండి. కంటికి కనబడే ముందు అంచుకు పట్టీ వేసి, వెనక అంచు, అడుగు అంచు పచ్చిగా వదిలేయడం చవక సామానులో మామూలే. నీళ్లు దూరేది సరిగ్గా అక్కడే. ఇల్లు తడిగుడ్డ పెట్టి తుడిచే అలవాటు మనది, పండగొస్తే బకెట్లతో కడుగుతాం. అడుగు పలక నేలకు ఆని ఉంటే ఒక్క ఏడాదిలో కింది అంచు ఉబ్బి, మెలమైన్ పొర లేచిపోతుంది. ఉబ్బిన పార్టికల్ బోర్డు ఆరినా పాత మందానికి రాదు. లోపలి ముక్కలు జిగురు వదిలేసి ఉంటాయి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి పల్లపు కాలనీల్లో కింది అంతస్తులో ఉండేవాళ్లు ఈ రకం బీరువా కొనే ఆలోచనే పెట్టుకోకూడదు, ఇనుప బీరువానే మేలు. మిగతావాళ్లు ప్లాస్టిక్ కాళ్లున్న రకం తీసుకోండి, లేదంటే కింద రెండంగుళాల పీవీసీ బుష్షులు బిగించండి. పచ్చి అంచులకు బిగించకముందే ఫెవికాల్ గానీ వార్నిష్ గానీ రెండు పూతలు వేయండి. ఖర్చు వంద రూపాయల్లోపే, వచ్చే లాభం ఏళ్లలో.

గోడకూ బీరువాకూ మధ్య రెండంగుళాలు వదలండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు బయటి గోడలు చెమ్మ పడతాయి. వెనక ఉండే 3 మిల్లీమీటర్ల పలకకు గోడవైపు పూత ఉండదు కాబట్టి ఆ చెమ్మనంతా అదే పీల్చుకుంటుంది. చెదలు కూడా గోడ మూలల నుంచి మట్టి దారి కట్టుకుని ముందు ఆ పలకనే పట్టుకుంటాయి. నెలకోసారి వెనక్కి టార్చిలైటు వేసి చూడటానికైనా ఆ సందు కావాలి.

బిగింపు దగ్గర జరిగే తప్పులు దాదాపు ప్రతిచోటా ఒకటే. డబ్బా విప్పగానే సామాన్ల చీటీ పట్టుకుని మరచీలలు, క్యామ్‌లు (పలకల్ని బిగించే లోహపు బిళ్లలు), చెక్క మేకులు లెక్కపెట్టండి. తక్కువైతే అప్పుడే ఫొటో తీసి ఫిర్యాదు చేయాలి. సగం బిగించాక చెబితే ఎవరూ వినరు. విప్పిన అట్టడబ్బాను నేల మీద పరిచి దాని మీదే పని చేయండి, పలకల మూలలు పెచ్చులూడవు. 8 మిల్లీమీటర్ల చెక్క మేకుల్ని చాలామంది అనవసరమని పక్కన పెట్టేస్తారు. బరువు మోసేది అవే. క్యామ్ పని రెండు పలకల్ని దగ్గరికి లాగి పట్టుకోవడమే. మళ్లీ విప్పే ఉద్దేశం లేకపోతే మేకుకు ఒక చుక్క ఫెవికాల్ రాయండి, ఉంటే రాయొద్దు.

క్యామ్ అంటే 15 మిల్లీమీటర్ల గుండ్రటి లోహపు బిళ్ల. దాని మీద బాణం గుర్తు ఉంటుంది. బోల్టు వచ్చే రంధ్రం వైపు బాణం చూసేలా పెట్టి, బోల్టు తల లోపలికి చేరాక అర చుట్టు తిప్పితే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే బలవంతంగా తిప్పకండి, బోల్టు పూర్తిగా దిగలేదని అర్థం. తొందరగా అయిపోతుందని వచ్చిన మనిషి పవర్ డ్రిల్లుతో మరచీలలు దించుతుంటే ఆపేయండి. పలక మధ్య పొర పెళుసు. చివరి ఒక్క చుట్టు ఎక్కువైతే రంధ్రం లోపల పొడైపోయి మరచీల ఊరికే తిరుగుతుంది. చేతి స్క్రూడ్రైవరే వాడమనండి.

వెనక పలక కొట్టే ముందు ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపుతో కొలవండి, తర్వాత మిగతా రెండు మూలలూ కొలవండి. రెండు కొలతలూ సమానమైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు. తేడా ఉంటే ఎక్కువ కొలత వచ్చిన మూలలను లోపలికి నెట్టి సరిచేసి, ఆ తర్వాతే మేకులు కొట్టాలి. బీరువా ఒరగకుండా నిలబెట్టేది ఆ పల్చటి పలకే. దాన్ని నాలుగు మేకులతో సరిపెడితే ఆరు నెలల్లో తలుపులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. జానెడుకు ఒక మేకు ఉండాలి. తలుపుల విషయానికొస్తే, 6 అడుగుల తలుపుకు రెండు ఆటో హింజెస్ (తలుపును వాటంతటవే మూసే కీళ్లు) ఇస్తున్నారంటే ఆ బీరువా వదిలేయండి. నాలుగు కావాలి. డ్రాయర్లకు టెలిస్కోపిక్ ఛానెల్ (ఒకదాన్లోంచి ఒకటి జారే లోహపు పట్టీ) ఉందో, ప్లాస్టిక్ చక్రాల పట్టీ ఉందో లాగి చూడండి.

మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, అటక. చాలా ఇళ్లలో అటక 7 అడుగుల ఎత్తులో, అంటే 2134 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. బీరువా ఎత్తు 2100, లోతు 500 అనుకోండి. పడుకోబెట్టి బిగించి పైకి లేపేటప్పుడు దాని మూలకు కావలసిన ఎత్తు 2159. అటక కింద లేవదు. గది మధ్యలో లేపి, కింద మందపాటి దుప్పటి వేసి ఇద్దరు మనుషులు నెమ్మదిగా జరపాలి. వట్టి నేల మీద ఈడిస్తే అడుగు పలక క్యామ్‌లు అక్కడే వదులవుతాయి. 1980 మిల్లీమీటర్ల ఎత్తుది చూసుకుంటే ఈ బాధే ఉండదు.

గోడకు బిగించే ఎల్ పట్టీని డబ్బాలోనే వదిలేయొద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో డ్రాయర్లు లాగి మెట్లలా ఎక్కితే బీరువా మీద పడుతుంది. ఇది ఊహ కాదు. పిల్లలు చనిపోయిన తర్వాతే 2016లో అమెరికాలో ఐకియా 2 కోట్ల 90 లక్షల డ్రాయర్ బీరువాలను వెనక్కి పిలిచింది. 8 మిల్లీమీటర్ల బిట్టుతో గోడకు రంధ్రం వేసి, ప్లగ్గు పెట్టి, మరచీల బిగించాలి. పావుగంట పని. ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే ఎత్తు డ్రాయర్ల బీరువా ఆ ఇంటికి తేవద్దు.

మంచం వద్దనడానికి కారణం బరువొక్కటే కాదు, ఆ బరువు కదలడం. పక్క పలక తలాపికి కలిసే చోట క్యామ్‌ల మీదే ఆధారపడిన మంచం ప్రతి కదలికకూ కొంచెం కొంచెం రంధ్రం పెద్దది చేసుకుంటుంది. కింద సామాను పెట్టుకునే హైడ్రాలిక్ రకంలో ఇంకా త్వరగా చినుగుతుంది. మంచం కావాలంటే ఇనుపది తీసుకోండి, లేదా వేప చెక్కతో ఆచారి చేత చేయించుకోండి.

వెల సంగతికొస్తే, కొన్న ధరను వచ్చే ఏళ్లతో భాగించండి. 8 వేల బీరువా ఒకే ఇంట్లో 6 ఏళ్లు ఉంటే ఏడాదికి 1,333 రూపాయలు. ఇది మంచి బేరమే. అదే బీరువాను రెండేళ్లకోసారి విప్పి బిగిస్తే రెండోసారికే క్యామ్ రంధ్రాలు వదులవుతాయి, మూడోసారి నిలబడటం కష్టం. బదిలీల ఉద్యోగమైతే ఇనుప బీరువాకు ఎక్కువ పెట్టినా దండగ కాదు. ఇల్లు మారేటప్పుడు పార్టికల్ బోర్డు బీరువాను నిలువునా విప్పకుండా అలాగే ఆటోలో ఎక్కించడం ఇంకా పెద్ద తప్పు. కుదుపులకు కీళ్లన్నీ ఒకేసారి పోతాయి. తలుపులు, అరలు తీసేసి, ప్రతి పలకకూ పెన్సిలుతో అంకె వేసి, మరచీలల్ని ఆయా పలకకే సంచిలో కట్టి అంటించండి.

మరచీల రంధ్రం వదులైతే అగ్గిపుల్లలు కుక్కి సరిపెట్టడం నాలుగు రోజుల ముచ్చట. 10 మిల్లీమీటర్ల బిట్టుతో ఆ రంధ్రాన్ని శుభ్రంగా పెద్దది చేసి, అదే కొలత చెక్క మేకును ఫెవికాల్‌లో ముంచి దింపి, ఒక రోజంతా ఆరనిచ్చి, దాని మధ్యలో సన్న రంధ్రం వేసి మళ్లీ మరచీల బిగించాలి. క్యామ్ గుంతే చిట్లిపోతే అక్కడ ఇక క్యామ్ పట్టదు. లోపలివైపు ఇనుప ఎల్ యాంగిల్ వేయడమే మార్గం.

చదువులు ముగిసే ఏప్రిల్, మే నెలల్లో బాలాజీ కాలనీ వైపు ఖాళీ చేసే గదుల నుంచి ఇలాంటి బల్లలు, అరలు సగం ధరకే దొరుకుతాయి. కొనే ముందు కింది అంచును వేలితో తడమండి, ఉబ్బు ఉంటే వద్దు. మూలను పట్టుకుని పక్కకు ఊపండి, ఒరిగితే వెనక పలక పోయిందని అర్థం. అది మళ్లీ కొట్టుకోవచ్చు, యాభై రూపాయల మేకుల పని. ఒక క్యామ్‌ను స్క్రూడ్రైవరుతో తిప్పి చూడండి, పట్టు లేకుండా గిర్రున తిరిగితే మిగతావి చూడకుండానే వచ్చేయండి.