నియంత్రణ చట్టమా, నిల్వల హామీయా?

ప్రపంచమంతా ఒకేసారి సంక్షోభంలో పడినప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని పల్లెకు సరుకు చేరేలా చూడడానికి చట్టం ముందు రెండు దారులున్నాయి.

మొదటిది 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం. 2020 మార్చి 13న మాస్కులను, శానిటైజర్లను దీని పరిధిలోకి తెచ్చి, ఆ నెలలోనే మూడు పొరల మాస్కుకు 10 రూపాయలు, 200 మిల్లీలీటర్ల శానిటైజరుకు 100 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించారు. ఉత్పత్తిని క్రమబద్ధం చేసే అధికారం ఉన్నప్పటికీ, ఈ చట్టం దాచిన సరుకును బయటికి రప్పించినంత తేలికగా, ముడిసరుకే రాని రోజున కొత్త సరుకును పుట్టించలేదు.

రెండవది 2013 నాటి ఆహార భద్రత చట్టం చూపిన దారి. ప్రాధాన్య కుటుంబాల్లో (రేషనుకు అర్హులుగా గుర్తించిన కుటుంబాల్లో) ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చి, అందకపోతే భత్యం చెల్లించాలనడం వల్ల ప్రభుత్వం ముందుగానే కొని నిల్వ ఉంచక తప్పదు.

ఇదే జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు మూత్రపిండ రోగులను తలచుకుంటే నా మొగ్గు రెండవదానివైపే. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకునే మనిషికి ధరపై పరిమితి ఒక్కటే చాలదు, ఆ రోజు ఫిల్టరు, ద్రావణం ఆసుపత్రిలో ఉండాలి. వీటికి వాడకపు గడువు ఉంటుంది కనుక, పాతవి వాడుతూ కొత్తవి చేర్చే బాధ్యతను కూడా చట్టంలోనే రాయాలి.