వరద సాయం కార్డు ఎలా పనిచేసింది: గోదావరి లంకలో కిరాణా కొట్టు నుంచి రివ్యూ

కోనసీమలో పి.గన్నవరం వైపు, గోదావరి పాయల మధ్య ఉన్న లంకలో మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. మొన్నటి వరద నీరు లాగాక ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు వచ్చి, మునిగిన ఇళ్లకు డబ్బు వేసిన కార్డులు పంచారు. ఆ కార్డు చెల్లే కొట్లలో మాదీ ఒకటి. బిల్లు కొట్టేవాళ్లుగా మేము చూసింది రాస్తున్నాను.

ఇంటికో కార్డు, దాని మీద క్యూఆర్ కోడ్. ఇంటి ఆడవాళ్ల పేరునే ఇచ్చారు, అది చాలా మంచి పని. మేము మా ఫోన్లో స్కాన్ చేసి మొత్తం కొడతాం, వాళ్లు పిన్ నొక్కుతారు, మిగిలిన డబ్బు ఎంతో తెలుగులో మెసేజ్ వస్తుంది, బటన్ల ఫోను ఉన్నా చాలు. 2021 ఆగస్టులో వచ్చిన, ఫోనుకి మెసేజ్‌గానో క్యూఆర్ కోడ్‌గానో పంపే ఈ-రూపీ వోచరు కూడా ఇంచుమించు ఇలాంటిదే, దానికీ యాప్ గానీ నెట్ బ్యాంకింగ్ గానీ అక్కర్లేదు.

2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు మా వైపు లంకలన్నీ మునిగాయి. అప్పుడు సాయానికి కొదవ లేదు, కానీ వచ్చిన ప్రతి పడవలోనూ బియ్యమే. బస్తాల మీద బస్తాలు పేరుకున్న ఇంట్లో వండుకోవడానికి పొయ్యి లేదు, పసిపిల్లకి పాలడబ్బా లేదు. పైగా సంచీ పట్టుకుని ఫొటోకి నిలబడాలి. ఈసారి కార్డు మీద జనం ఏం కొన్నారో చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది: బ్లీచింగ్, దోమల చక్రాలు, ప్లాస్టిక్ బక్కెట్లు, పిల్లలకి నోటు పుస్తకాలు, శానిటరీ ప్యాడ్లు. ప్యాడ్లయితే సరుకు తెచ్చిన రోజే అయిపోయాయి. ఏ సాయం సంచీలోనూ నేను అవి చూడలేదు, అడగడానికి ఆడపిల్లలు మొహమాటపడతారు కదా.

ఒక మామ్మగారు కార్డు తడవకుండా పాలప్యాకెట్ కవరులో చుట్టి బొడ్లో దోపుకుని వచ్చారు. అగ్గిపెట్టెలు, ఒక గిన్నె, మనవడికి బిస్కెట్లు తీసుకుని, "మిగిల్నయ్యి అందులోనే ఉండనీ బాబూ, దసరాకి నూనె కొనుక్కుంటాను" అన్నారు. చుట్టలు కార్డు మీద రావని చెబితే చెంగు ముడి విప్పి చిల్లర తీసి ఇచ్చారు. తన ఇంటికి ఏం కావాలో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

లోపాలూ ఉన్నాయి. వరదకి కరెంటు పోతే టవరూ పోతుంది, ఈ సంగతి లంకలో ఎవరిని అడిగినా చెబుతారు, అయినా నెట్ లేకుండా నడిచే దారి వీళ్లు పెట్టలేదు. మొదట్లో మేము సరుకు ఇచ్చేసి ఖాతా పుస్తకంలో రాసుకుని, సాయంత్రం కార్డులవాళ్లని వెంటబెట్టుకుని ఏటిగట్టు ఎక్కి, అక్కడ సిగ్నల్ దొరికితే కొట్టేవాళ్లం. చాలామంది పిన్ నంబరు కార్డు వెనకే రాసుకుంటున్నారు, ఇచ్చేటప్పుడే పక్కన కూర్చోబెట్టి నేర్పాల్సింది. మా డబ్బు మామూలుగా మర్నాటికే ఖాతాలో పడేది కానీ బ్యాంకు సెలవులు వరసగా వస్తే ఆగిపోయేది, మేము మాత్రం అమలాపురంలో నగదు కట్టే సరుకు తెచ్చుకోవాలి. రేట్ల పట్టీ గోడకి అంటించమన్నారు, ప్రతి బిల్లూ ఫొటో తీసి పంపమన్నారు. దానికి మాకు ఏ అభ్యంతరం లేదు, అలా ఉంటేనే ఎవరూ రేటు పెంచి అమ్మలేరు.

ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి కోసింది నెట్ వల్ల కాదు, జాబితా వల్ల. రేషన్ కార్డులు చూసి పేర్లు రాసుకోవడంతో ఇటుకబట్టీల్లో పనికి వేరే ఊళ్ల నుంచి వచ్చి పాకల్లో ఉంటున్నవాళ్లు ఒక్కరూ అందులో లేరు, వాళ్ల పాకలే ముందు మునిగాయి. సంస్థ వాళ్లు ఇది చదివితే రెండో విడత అక్కడి నుంచి మొదలుపెట్టండి, పాకలు ఎక్కడున్నాయో మేము వచ్చి చూపిస్తాం.