లెఫ్ట్ డ్యాష్‌తో ఏడాది పైన: గాలికి లొంగని బంతి, గ్రీన్ మీద ఆగని బంతి

ముందే చెప్పేస్తాను. టైటిలిస్ట్ కంపెనీ ప్రో వీ1ఎక్స్ లెఫ్ట్ డ్యాష్ మంచి గోల్ఫ్ బంతి. అయినా విశాఖ ముడసర్లోవలో నాలాగా ఆడేవాళ్ళలో ఎక్కువమందికి అది అక్కర్లేదు. ఏడాదికి పైగా మే ఎండలోనూ, వానల్లోనూ, డిసెంబర్ చలిలోనూ దాంతో ఆడాక ఈ మాట అంటున్నాను. నా హ్యాండీక్యాప్ (ఆట స్థాయికి కొలత, తక్కువైతే మెరుగు) పదహారు, పదిహేడు మధ్య ఊగుతుంటుంది. డ్రైవర్‌తో, అంటే బాగా దూరం కొట్టే క్లబ్‌తో, నా స్వింగ్ వేగం గంటకు 90 మైళ్ళ పైచిలుకు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, బంతి సమీక్షలు చాలావరకు మనకంటే బాగా గట్టిగా కొట్టేవాళ్ళు రాసినవే. వాళ్ళ బంతికీ మన బంతికీ పెట్టె ఒకటే, ప్రయాణం వేరు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మామూలు ప్రో వీ1ఎక్స్‌కీ దీనికీ చూడ్డానికి తేడా ఒకటే, పేరుకి ఎడమపక్కన చిన్న గీత. పైపొర రెంటికీ యురేథేన్ అనే ప్లాస్టికే. ఫుల్ షాట్లలో దీనికి స్పిన్ (గాల్లో బంతి వెనక్కి తిరిగే తిరుగుడు) తక్కువ, చేతికి కాస్త గట్టిగా తగులుతుంది, ఎత్తు మాత్రం బాగానే లేస్తుంది. ఆ ఎత్తు దగ్గరే ఇది అదే కంపెనీ ఏవీఎక్స్‌కి వేరు. ఏవీఎక్స్ కూడా తక్కువ స్పిన్ బంతే, కానీ కిందగా పోతుంది, మెత్తగా ఉంటుంది. క్లబ్బులో చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. నేల గట్టిపడ్డ రోజుల్లో రెండూ ఆడి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది.

నేను దీనికి మారింది గాలి కోసం. ముడసర్లోవలోని మా ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో పొద్దున్నే ఆడేవాళ్ళకి ఈ బాధ పెద్దగా తెలియదు. ఏడున్నర, ఎనిమిది దాకా ఆకు కదలదు. ఆఫీసు ఉన్న నాబోటివాళ్ళు మధ్యాహ్నం మూడున్నరకి టీ మీద, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట, నిలబడితే సంగతి వేరు. మార్చి దాటిందంటే దక్షిణం నుంచీ నైరుతి నుంచీ గాలి మొదలవుతుంది. కొండల మధ్య అది ఎటు తిరుగుతుందో దానికే తెలియాలి. టీ దగ్గర చొక్కా కదలదు. ఫెయిర్‌వే (హోల్ దాకా కత్తిరించిన గడ్డి దారి) మీద లేచిన బంతి మాత్రం సగం దూరంలో ఆగి, ఇంకా పైకి లేచి, నిట్టనిలువునా కింద పడుతుంది.

దీనికి కారణం స్పిన్నే. గోల్ఫ్ బంతి ముందుకి పోతూ వెనక్కి తిరుగుతుంది. ఆ తిరుగుడే దాన్ని పైకి ఎత్తి గాల్లో నిలబెడుతుంది. ఎదురుగాలి వస్తే బంతిని తాకే గాలి వేగం పెరుగుతుంది. దాంతో పైకెత్తే బలమూ పెరుగుతుంది, వెనక్కి లాగే బలమూ పెరుగుతుంది. స్పిన్ ఎక్కువున్న బంతి అక్కడే బెలూన్ అయిపోతుంది. కొంత స్పిన్ తగ్గిస్తే అదే దెబ్బకి బంతి గాలిని చీల్చుకుని పోతుంది. అలాగని మరీ తగ్గితే గాల్లో నిలవడానికి ఆధారమే ఉండదు. సమీక్షల్లో ఈ రెండో సగం ఎక్కువగా కనబడదు.

ఇక్కడో పక్కమాట. ఉక్కపోతలో గాలి బరువెక్కి బాల్ పోదని మన దగ్గర అందరూ గట్టిగా నమ్ముతారు. తేమ ఉన్న గాలి నిజానికి పొడి గాలి కంటే కాస్త తేలిక. నీటి ఆవిరి అణువు నత్రజని, ఆక్సిజన్ అణువుల కంటే తేలికైనది మరి. మే నెలలో దూరం తగ్గిందంటే గ్రిప్ మీద చెమట వల్ల, పదో హోల్‌కి ఒంట్లో సత్తువ అయిపోవడం వల్ల. దానికి బంతి ఏం చేస్తుంది?

మళ్ళీ గాలి దగ్గరికి వద్దాం. ఎదురుగాలిలో ఐదో నంబర్ ఐరన్‌తో (దూరానికో నంబరు ఉండే క్లబ్బుల్లో ఒకటి) కొట్టిన బంతి ఈ ఏడాది నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. పాత బంతితో అలాంటి చోట ఒక క్లబ్ పెంచేవాణ్ణి, అంటే ఇంకా దూరం కొట్టే క్లబ్ తీసుకునేవాణ్ణి, ఒక్కోసారి రెండు. పెంచినా ఎక్కడ పడుతుందో నమ్మకం ఉండేది కాదు. లెఫ్ట్ డ్యాష్‌తో ఒక క్లబ్ పెంచితే చాలు, అనుకున్న దూరానికి అటూఇటూగా పడుతుంది. పక్కగాలిలో కూడా తేడా ఉంది. కుడికి కొట్టుకుపోయే బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) అవతలికి కాకుండా గ్రీన్ అంచుకి చేరుతుంది. సాయంత్రం ఆటలో ఇది చిన్న విషయం కాదు.

హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఒక సిమ్యులేటర్‌లో, బంతి వేగం, స్పిన్ కొలిచే లాంచ్ మానిటర్ మీద కూడా చూశాను. డ్రైవర్‌తో నా స్పిన్ మామూలు బంతికి నిమిషానికి సుమారు 3,100 తిరుగుళ్ళు. దీంతో 2,700 దగ్గరికి వచ్చింది. ఏడో నంబర్ ఐరన్‌తో 6,300 నుంచి 5,700కి దిగింది. దూరం మాత్రం డ్రైవర్‌తో ఐదారు యార్డులు పెరిగింది, అంతే. గాలి లేని గదిలో అంతకంటే ఆశించకూడదు కూడా. ఎక్కువ దూరం పోతుందని దీన్ని కొనేవాళ్ళకి ఈ ఐదారు యార్డులు చూస్తే ఉసూరుమనిపిస్తుంది. బయట ఎదురుగాలిలో లాభం ఇంకా ఎక్కువ. వెనకనుంచి గాలి వీస్తే ఆ లాభం దాదాపు ఉండదు.

మా నలుగురిలో అందరం దీన్ని ఆడాం. ఫలితాలు చూస్తే బంతి ఒకటేనా అన్న అనుమానం వస్తుంది. ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు మాతో ఆడతాడు, గంటకు 110 మైళ్ళకి తక్కువ కాకుండా కొడతాడు. వాడి పాత బంతి ఎదురుగాలిలో కంబాలకొండ ఎత్తుకి లేచి, మా బంతుల పక్కనే వచ్చి పడేది. లెఫ్ట్ డ్యాష్‌తో వాడు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయాడు. ఈ బంతి అచ్చంగా వాడి కోసమే తయారైంది. దానికి పూర్తిగా విరుద్ధం మా కమాండర్ గారు. నేవీలో రిటైరయ్యారు, డెబ్భైకి దగ్గర పడ్డారు, స్వింగ్ అందంగా ఉంటుంది గానీ వేగం 75 దాటదు. ఆయన దీంతో నాలుగు హోల్స్ ఆడి బంతి నా చేతిలో పెట్టేశారు. "నాకెందుకయ్యా ఇది? పైకి లేవకముందే కిందికొస్తోంది," అన్నారు. ఆయన వేగానికి స్పిన్ కావాలి, తగ్గితే క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) పోతుంది. ఆయన పాత మెత్తటి బంతితోనే ఇప్పటికీ ఫెయిర్‌వే మధ్యలోంచి మా డబ్బులు పట్టుకుపోతున్నారు.

నాలుగో ఆయన డాక్టరు. ఆయనది స్లైస్, అంటే బంతి గాల్లో కుడికి వంగిపోతుంది. తక్కువ స్పిన్ అంటే స్లైస్ తగ్గుతుందని ఎవరో చెప్పారట, డజను కొనేశారు. తగ్గుతుంది, కాదనను. మొత్తం స్పిన్ తగ్గితే వంపు కొంచెం తగ్గుతుంది. కానీ స్లైస్ పుట్టేది క్లబ్ ముఖం ఒక దిక్కు, స్వింగ్ దారి ఇంకో దిక్కు ఉండడం వల్ల. అది ఏ పెట్టెలోనూ దొరికే మందు కాదు. 1970లలో అమెరికాలో పొలారా అని ఒక బంతి వచ్చింది. దాని పైపొర మీది చిన్న గుంటలు బంతి అంతా ఒకేలా ఉండవు, అందుకే గాల్లో తనంతట తానే సర్దుకునేది. అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ ఒప్పుకోలేదు. బంతి అన్ని వైపులా ఒకేలా ఎగరాలని నిబంధనే పెట్టింది. కాబట్టి నిబంధనల్లో ఉన్న ఏ బంతీ స్లైస్‌ని నయం చెయ్యదు. డాక్టరు గారి బంతులు ఇప్పుడు కుడివైపు తుప్పల్లో ఇదివరకటి కంటే కాస్త ముందు దొరుకుతున్నాయి.

ఇక గ్రీన్ల సంగతి. నా పేచీ అంతా ఇక్కడే.

మొదట్లో నాకు తేడా తెలియలేదు, ఎందుకంటే మొదలుపెట్టింది వానాకాలంలో. గ్రీన్లు తడిసి మెత్తగా ఉన్నప్పుడు ఏ బంతైనా పడినచోటే దిగబడుతుంది. నవంబర్ చివర్లో వానలు వెళ్ళిపోయి గ్రీన్లు గట్టిపడ్డాక అసలు రూపం బయటపడింది. అరవై యార్డుల నుంచి శాండ్ వెడ్జ్‌తో (దగ్గరి షాట్లకి బంతిని ఎత్తి కొట్టే క్లబ్) సగం స్వింగ్ కొడతాను కదా, పాత బంతి ఒకటి, రెండు గంతులేసి మూడో గంతులో పట్టుకునేది. ఇది మూడో గంతు తర్వాత కూడా తాపీగా నడుచుకుంటూ పోతుంది. పిన్ (హోల్‌లో పెట్టిన జెండా కర్ర) దాటి పన్నెండు, పదిహేను అడుగులు. పిన్ వెనక్కుంటే పర్వాలేదు. ముందు బంకర్ (ఇసక గుంట), వెనకాలే పిన్ అంటే ఆ పన్నెండు అడుగుల్లో పార్ (ఆ హోల్‌కి పెట్టిన దెబ్బల లెక్క) పోతుంది.

పచ్చిక మీద వంగి చూస్తే కూడా తేడా కనబడుతుంది. పాత బంతి పడినచోట పిచ్ మార్క్ లోతుగా, ముందంచు పెళ్ళగించినట్టు ఉండేది. దీని మార్క్ పళ్ళెంలా పైపైన ఉంటుంది. బ్యాగు మోసే మా క్యాడీ ఒకడు దాన్ని ఫోర్క్‌తో సర్దుతూ ఓ రోజు తేల్చేశాడు: "గాలి మాట ఇనట్లేదు బాబూ. గ్రీన్ మాటా ఇనట్లేదు." నేను ఇన్ని పేరాల్లో చెప్తున్నదాన్ని వాడు రెండు ముక్కల్లో చెప్పేశాడు.

చిప్ షాట్లకి, అంటే గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న దెబ్బలకి, అలవాటు పడొచ్చు. ఎక్కువ దొర్లుతుందని తెలిశాక పడాల్సిన చోటుని వెనక్కి జరుపుకుంటాం, అంతే. నెల రోజుల్లో చెయ్యి సర్దుకుంది. కానీ బంకర్ అంచు మీదనుంచి ఎత్తి వెంటనే ఆపాల్సిన షాట్‌కి సర్దుబాటు లేదు. దానికి స్పిన్ కావాలి, లేదా ఆశ వదులుకోవాలి. నాలాంటివాడు రౌండ్‌లో గ్రీన్లు తప్పేదే ఎక్కువ. అంటే చిప్‌లే ఎక్కువ. టీ మీద ఐదారు యార్డులు సంపాదించి గ్రీన్ దగ్గర పన్నెండు అడుగులు పోగొట్టుకోవడం ఏ లెక్కనా లాభం కాదు.

వానల్లో ఇంకో చిక్కుంది. తడి రఫ్‌లోంచి (ఫెయిర్‌వే పక్కన పొడుగు గడ్డి) కొట్టినప్పుడు క్లబ్ ముఖానికీ బంతికీ మధ్య నీళ్ళు చేరతాయి, పట్టు తప్పుతుంది, స్పిన్ పడిపోతుంది. అప్పుడు బంతి అనుకున్నదానికంటే బాగా దూరం దూసుకుపోతుంది. ఇది అన్ని బంతులతోనూ జరిగేదే. మొదటే స్పిన్ తక్కువున్న దీనితో మాత్రం టెన్షన్ రెట్టింపు. ఎనిమిదో ఐరన్‌తో కొట్టిన బంతి గ్రీన్ మీదుగా దాటి అవతలి చెట్లలో పడ్డం చూశాక, తడి గడ్డిలో ఎప్పుడూ ఒక క్లబ్ తగ్గించే తీసుకుంటున్నాను.

పట్టింగ్‌లో గట్టి బంతి టక్కున మోగుతుంది. నాకు ఆ చప్పుడు నచ్చింది, కమాండర్ గారికి నచ్చలేదు. మన్నికకి ఢోకా లేదు. వెడ్జ్ గీతలు పడ్డ చోట పైపొర కాస్త నూగులా లేస్తుంది, అది యురేథేన్ బంతులన్నిటికీ ఉన్నదే. బంకర్లో రెండు మూడు సార్లు పడ్డ బంతి కూడా రౌండ్ చివరిదాకా వస్తుంది. పోగొట్టుకోకుండా ఉంటే, అదీ కథ. ఒక్కో బంతి నాలుగు వందల పైమాటే. ఒకటి చెరువులో పడిందంటే అర కిలో వంజరం నీళ్ళపాలైనట్టే. అలా అని నీళ్ళలోంచి తీసిన బంతులు చవగ్గా కొనుక్కునేవాళ్ళకి ఓ మాట. నీళ్ళలో ఎన్నాళ్ళు నానిందో తెలియని బంతి మీద ఏ పరీక్షా చెయ్యకండి. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, దూరం మాత్రం తగ్గి ఉండొచ్చు. ఎండాకాలం కారు డిక్కీలో పెట్టెలు వదిలేసే అలవాటుంటే అది కూడా మానండి.

బంతుల దూరానికి కళ్ళెం వేస్తారని క్లబ్బులో ఇప్పటికీ చర్చ నడుస్తోంది. ఇప్పుడు కొంటే రేపు చెల్లుతుందా అని డాక్టరు గారి బెంగ. 2023 డిసెంబర్‌లో గోల్ఫ్ నిబంధనలు రాసే ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ ప్రకటించిన పరీక్ష గంటకు 125 మైళ్ళ వేగంతో కొట్టి చేసేది. మనం ఆ వేగానికి ఆమడ దూరంలో ఉన్నాం. దాన్ని చూసి కొనడం మానక్కర్లేదు, హడావిడిగా కొని దాచుకోనూ అక్కర్లేదు.

నేనిప్పుడు చేస్తున్నది ఇది. ఒకే మోడల్ బంతి ఆడాలన్న స్థానిక నిబంధన పెట్టని పోటీల్లో ఒక హోల్ ముగిశాక తర్వాతి హోల్‌కి వేరే బంతి తీసుకోవచ్చు. హోల్ మధ్యలో ఊరికే మార్చకూడదు, అంతే. చాలామందికి ఇది తెలియదు, అడిగితే రూల్ పుస్తకం తీసి చూపించాల్సి వచ్చింది. అందుకే బ్యాగులో రెండు రకాలూ ఉంచుతున్నాను. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం ఆటకి, ఎదురుగాలి పొడవు హోల్స్‌లో లెఫ్ట్ డ్యాష్. మిగతా అన్నిటికీ అదే కంపెనీ ప్రో వీ1. పొద్దుటి ఆటైతే గీత ఉన్న బంతి బయటికే తియ్యను.

గంటకు 100 మైళ్ళు దాటి కొట్టేవాళ్ళు, డ్రైవర్ స్పిన్ మూడు వేలు మించుతోందని మానిటర్ మీద చూసుకున్నవాళ్ళు ఒక స్లీవ్ కొని మూడు బంతులూ అయ్యేదాకా ఆడండి. ఆ ఆట గ్రీన్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి, టీ దగ్గర కాదు. 85కి లోపు కొట్టేవాళ్ళు ఆ డబ్బుతో రెండు క్లాసులు తీసుకోవచ్చు. డాక్టరు గారి డజనులో ఇంకా రెండు స్లీవులు సీలు విప్పకుండా ఉన్నాయి. కుర్రాడు వాటికి సగం ధర ఇస్తానంటున్నాడు, ఆయన ముప్పావు అడుగుతున్నారు. బేరం నడుస్తోంది.