కాగితం మీద గీతలా, ట్యాబ్‌లో పొరలా?

కోవూరు వైపు వరి పొలాల్లో డ్రోన్‌తో మందు కొట్టే ముందు వాతావరణ పటం మీద గుర్తులు పెట్టుకోవడం నాకు అలవాటు. పటం ప్రింటు తీసి రంగు పెన్సిళ్లతో గీయడం ఒక పద్ధతి, ట్యాబ్‌లో ఒకదాని మీద ఒకటి పొరలుగా (లేయర్లుగా) పెట్టుకోవడం ఇంకోటి.

కాగితానికే నా ఓటు, ముఖ్యంగా గాలి విషయంలో. పటంలో గాలి గుర్తంటే ఒక కాడ, దాని చివర వేగం చెప్పే గీతలు. సగం గీత 5 నాట్లు (గాలి వేగపు కొలత, ఇంగ్లీషులో knots), పూర్తి గీత 10 నాట్లు, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్లు. కాడ చూపేది గాలి వచ్చే దిక్కును, పోయే దిక్కును కాదు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే! చేత్తో నాలుగుసార్లు గీస్తే ఇక మర్చిపోరు. వేసవిలో మన తీరంలో పొద్దున వీచే పడమటి వేడిగాలి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి రాగానే ఎదురు తిరుగుతుంది. అప్పుడు మందు తుంపర పక్కవాళ్ల చేలో పడుతుంది, ఆపైన తగాదా. అందుకే రెండు గాలులకూ రెండు రంగుల బాణాలు గీస్తాను.

వాన మబ్బుల దగ్గర మాత్రం కాగితం ఓడిపోతుంది. రాడార్ బొమ్మ నిమిషాల్లో మారుతుంది, ప్రింటు మారదు. విమానాల వాళ్లకు ట్యాబే నయం, ఎత్తును బట్టి గాలి పొరలు మార్చి చూడొచ్చు. పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తున ఎగిరే మనకు అవన్నీ ఎందుకు?

ట్యాబ్‌లో నేనోసారి నిన్నటి పొర తీసేయకుండానే పొలానికి వెళ్లాను. ఏ పద్ధతైనా పటం మీద ఉండే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైముకు 5.30 గంటలు కలిపి మన టైము రాసుకోండి.