పాత ఎఫ్-150కి బయటి కంపెనీ హెడ్‌ల్యాంపులు: బిగించాక నా మాట

మా ట్రక్కు 2004 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150. డాలస్ ఎండలకి ల్యాంపుల ముందు ప్లాస్టిక్ పసుపెక్కిపోయి, రాత్రిపూట హైవే మీద గీతలు కూడా ఆనడం లేదు. ఫోర్డ్ ముద్ర లేని జత తెప్పించి నేనే బిగించాను. ఫోర్డ్ జత ధరలో సగం కూడా కాలేదు.

పాత బ్రాకెట్లలో చక్కగా కూర్చున్నాయి. ఫెండర్ పక్క సందు రెండు వైపులా సమానంగా వచ్చింది. వైరు కనెక్టర్ దేన్నీ కోయనక్కర్లేదు. వెలుగు మాత్రం కాస్త పైకి కొడుతోంది. గోడ ముందు బండి నిలిపి స్క్రూ తిప్పి దించుకోవాలి. లోపలి మెరుపు పూత పాతదానికన్నా పల్చన. వానకి ఎడమవైపు దాంట్లో ఆవిరి పట్టి, ఎండ రాగానే పోయింది.

పాతదీ కొత్తదీ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాను. వెనకవైపు బల్బు గూడు, బిగించే చోట్లు పిసరంత జరిగినా ల్యాంపు బండికి పట్టదు. ముందువైపు వంపు అలా కాదు, దాన్ని ఇంకో రకంగా గీసినా రోడ్డు కనిపిస్తుంది. ఈ తేడా మీదే ఒక పెద్ద కేసు నడిచింది.

ఈ ట్రక్కు హుడ్ (బానెట్) మీద, హెడ్‌ల్యాంపు మీద ఫోర్డ్‌కి డిజైన్ పేటెంట్లు ఉండేవి. డిజైన్ పేటెంటంటే వస్తువు అలంకార రూపు మీద హక్కు; పని కోసం తప్పనిసరైన ఆకారానికి అది దొరకదు. అవి చెల్లవని విడిభాగాల వ్యాపారుల సంఘం కోర్టుకెళ్లింది. డెంట్ పడ్డ బండికి యజమాని పాత రూపే కోరతాడు, కాబట్టి ఆ రూపు అలంకారం కాదు, అవసరమే అని వాళ్ల వాదన. 2019 జులైలో పేటెంటు అప్పీళ్లు వినే అమెరికా కోర్టు ఫెడరల్ సర్క్యూట్ ఒప్పుకోలేదు. ఎఫ్-150కి పట్టే వేరే ఆకారాల ల్యాంపులు బజార్లో ఉన్నాయి కదా అంది. జనం ఇష్టపడినంత మాత్రాన రూపు పనికి తప్పనిసరి అయిపోదని తేల్చింది. అదే కోర్టు 1996లో బెస్ట్ లాక్ కేసులో తాళంచెవి పలక మీది పేటెంటు చెల్లదంది. ఆ తాళంలో దూరాలంటే పలకకి మరో ఆకారం లేదు మరి.

నా మటుకు తీర్పు సరైనదే. కానీ ఒక్క దీపం పగిలినవాడు దానికి జోడీగా వేరే ఆకారం పెట్టుకోలేడు, వాడి కష్టం నిజమైనది. దానికి మందు రూపుని పనికి తప్పనిసరి అనడం కాదు, రిపేరుకి చట్టంలోనే మినహాయింపు ఇవ్వడం. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన కొత్త డిజైన్ చట్టాల్లో ఆ పని చేసింది. ఇక్కడ అమెరికాలో విడిభాగాల మీద ఈ హక్కుని రెండున్నరేళ్లకి కుదించే బిల్లు కాంగ్రెస్‌లో పలుమార్లు పెట్టారు, ఇంకా చట్టం కాలేదు. ఎంతమంది తెలుగువాళ్లం ఇక్కడ బళ్లు నడుపుతున్నాం! మన ప్రతినిధికి ఒక ఉత్తరం రాస్తే బావుంటుంది.

ఆనాటి డిజైన్ పేటెంట్ల గడువు మంజూరైనప్పటి నుంచి 14 ఏళ్లు, అది తీరిపోయింది. 2015 మే 13 నుంచి వేసిన దరఖాస్తులకైతే 15 ఏళ్లు. అందుకే కొత్త మోడల్ వాళ్లకి ఈ చవక ఇప్పుడే దొరక్కపోవచ్చు.

ఈ తరం ఎఫ్-150 ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. ఐదుకి నాలుగిస్తాను. కొనేముందు పెట్టె మీద కాపా (బయటి కంపెనీల విడిభాగాల నాణ్యత పరీక్షించే సంస్థ) ముద్ర చూడండి, రశీదు దాచుకోండి, మొదటి వాన పడేదాకా పాత జత పారేయకండి.