లూవ్ర్‌కా, ఓర్సేకా? పారిస్‌లో మూడు రోజులున్న జంటకు

శుక్రవారం దిగి సోమవారం తిరుగు ప్రయాణమైతే రెండు మ్యూజియంలూ తీరిగ్గా చూడటం కష్టం. ఒకటే ఎంచుకోమంటే నేను ఓర్సే అంటాను.

లూవ్ర్ ఒకప్పుడు రాజుల నివాసం, 1793 నుంచి మ్యూజియం. మోనాలిసాను చూడాలని అందరికీ ఉంటుంది. కానీ ఆ బొమ్మ ఎత్తు 77 సెంటీమీటర్లే, ముందు ఎప్పుడూ జనం. మెట్ల పైన రెక్కలు విప్పి నిలబడ్డ, తల లేని విజయదేవత శిల్పం మాత్రం ఒళ్లు పులకరింపజేస్తుంది. అయితే గదుల తర్వాత గదులు. సాయంత్రానికి కాళ్లు పీకేస్తాయి, ఇద్దరి మధ్య మాటలూ తగ్గిపోతాయి.

సేన్ నది అవతలి ఒడ్డున ఉన్న ఓర్సే, 1900 నాటి రైల్వే స్టేషన్. 1986లో మ్యూజియం అయింది. సగం రోజు చాలు. వాన్ గో 1888లో గీసిన రోన్ నది నక్షత్రాల రాత్రి ఇక్కడిదే. దాని కింది మూలలో ఒక జంట చేయీ చేయీ కలిపి నడుస్తుంటుంది, తప్పకుండా వెతకండి. ఐదో అంతస్తులో మోనే, రెన్వా బొమ్మలున్నాయి. అక్కడి పెద్ద గడియారం అద్దంలోంచి నది కనిపిస్తుంది. ఆ చోట కాసేపు ఆగండి.

ఓర్సేకు సోమవారం సెలవు, ఆదివారానికే పెట్టుకోండి. లూవ్ర్ మీదే మనసుంటే శుక్రవారం రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. ఏదైనా సరే, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే క్యూ టెన్షన్ తగ్గుతుంది.